లంద దగ్గర పాఠం: డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

నాయుడమ్మ అనే పేరు వినగానే మన కాలేజీలో చాలామంది ఎవరో పెద్ద ముత్తయిదువ అనుకుంటారు. నేను ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి మా హాస్టలు మిత్రుడొకడు, ఆవిడ ఏ సినిమాలో వేసిందని అడిగాడు కూడా. గుంటూరు వైపు వాళ్ళకి ఆ అనుమానం రాదు. ఆయన మగవాడే, పైగా రైతు బిడ్డ. తోళ్ళ శాస్త్రంలో దేశదేశాల వాళ్ళు సలహా అడిగిన కొద్దిమందిలో ఒకరు. మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు. ఆ తర్వాత 1977 దాకా దేశంలోని ఎన్నో శాస్త్ర పరిశోధనశాలలకు పెద్దదిక్కయిన సి.ఎస్.ఐ.ఆర్.కు డైరెక్టర్ జనరల్. ఆపైన కొంతకాలం ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరు. 1971లో పద్మశ్రీ.

ఈ పదవుల పట్టిక ఏ జనరల్ నాలెడ్జి పుస్తకంలోనైనా దొరుకుతుంది. సావనీరులో ఇన్ని పేజీలు అడిగి తీసుకున్నది అందుకు కాదు. రసాయన శాస్త్రాన్ని పరిశ్రమకు పనికివచ్చేలా ఎలా నేర్పాలి, కెమికల్ ఇంజనీరింగు అనే చదువు నల్లబల్ల మీద మొదలై నల్లబల్ల మీదే ముగిసిపోకుండా ఎలా చూడాలి అనే ప్రశ్నకు మన తెలుగువాళ్ళలో ఒకాయన జీవితమంతా పెట్టి జవాబు వెతికాడు. ఆ జవాబులో గొప్ప భాగమూ ఉంది, అసంపూర్తిగా మిగిలిన భాగమూ ఉంది. రెండూ చెప్పుకోవాలి.

నాయుడమ్మగారు 1922 సెప్టెంబరు 10న తెనాలి దగ్గర యలవర్రు గ్రామంలో పుట్టారు. తండ్రి అంజయ్యగారు, తల్లి రాఘవమ్మగారు. వ్యవసాయ కుటుంబం. అది కృష్ణా కాలవల కింద వరి పండే నేల. ఆ రోజుల్లో రైతుకీ తోలుకీ ఉన్న సంబంధం ఇప్పటి పిల్లలకి చెప్తే తప్ప తెలియదు. చెప్పులు, చెర్నాకోల, ఎడ్ల మెడపట్టెడ, కాలవ లేని మెట్ట ఊళ్ళలో అయితే నీళ్ళు తోడే కపిల తొండం, అన్నీ తోలే. (గుంటూరు వైపు మోట అంటారు, మా నెల్లూరు వైపు కపిల అంటారు.) తోలు లేకుండా సేద్యం సాగేది కాదు. అయినా ఆ తోలు పదును చేసే మనిషి ఊరి బయటే ఉండాలి. అతని లంద దగ్గరికి రైతు వెళ్ళడు, వెళ్ళినా ముక్కు మూసుకుని దూరంగా నిలబడి బేరమాడి వస్తాడు. లంద అంటే తోళ్ళు నానవేసే తొట్టి. సున్నం, చెట్ల బెరడు, కరక్కాయ, కుళ్ళు, అన్నీ కలిసిన వాసన. ఆ వాసన చుట్టూ ఊరు ఒక గోడ కట్టుకుంది, ఇటికెతో కట్టింది కాదు గానీ ఇటికె కంటే గట్టిది. రైతు ఇంట్లో పుట్టిన కుర్రాడు ఆ గోడ దాటి అవతలికి పోయి, తన బతుకు మొత్తం తోళ్ళ మధ్యే గడపడం ఆ కాలంలో చిన్న సంగతి కాదు. డాక్టరు, ప్లీడరు, తాసీల్దారు కావలసిన పిల్లవాడు తోళ్ళ పని నేర్చుకుంటానంటే ఏ ఇంట్లోనైనా ఏమంటారో ఊహించుకోండి.

గుంటూరు ఏ.సి. కాలేజీలో ఇంటరు అయ్యాక ఆయన కాశీ వెళ్ళారు. మాలవ్యగారి హిందూ విశ్వవిద్యాలయం అప్పట్లో పరిశ్రమకు పనికివచ్చే రసాయన శాస్త్రాన్ని శ్రద్ధగా నేర్పిన కొద్ది చోట్లలో ఒకటి. అక్కడ పట్టా పుచ్చుకుని 1943లో మద్రాసులోని ప్రభుత్వ తోళ్ళ సాంకేతిక సంస్థలో చేరారు. మొదట శిక్షణ, తర్వాత అక్కడే పాఠాలు చెప్పడం. అంటే ఆయన శాస్త్రవేత్త కాకముందే మాస్టారు. తర్వాతి ఆయన తీరు అర్థం కావాలంటే ఈ వరస గుర్తుంచుకోవాలి.

ఇక్కడ కాస్త ఆగి ఆ కాలంలో ఈ చదువు ఎలా ఉండేదో చూద్దాం. 1880ల చివర మాంచెస్టరులో జార్జి డేవిస్ అనే ఆయన కొన్ని ఉపన్యాసాలిచ్చాడు. సబ్బు, సోడా, రంగులు, మందులు, ఒక్కొక్క పరిశ్రమను విడివిడిగా బట్టీ పట్టించడం కాకుండా, అన్నిటిలోనూ కనిపించే పనులను పట్టుకుని నేర్పాలన్నది ఆయన దారి. 1888లోనే అమెరికాలో ఎం.ఐ.టి. ఈ పేరుతో కోర్సు పెట్టింది. 1915లో ఆర్థర్ లిటిల్ ఆ పనులకు యూనిట్ ఆపరేషన్లు అని పేరు పెట్టాడు. ఆరబెట్టడం, వడకట్టడం, మరిగించి ఆవిరి పట్టడం, కరిగించి లాగడం, ఇవీ ఆ పనులు. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా ఇవే పనులు రకరకాల వేషాల్లో కనబడతాయి. మన దేశంలో జాదవ్‌పూరులో 1921లో ఈ చదువు మొదలైంది. 1933లో బొంబాయి యూనివర్సిటీ, అదే ఏడు వాల్తేరులో మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయన సాంకేతిక శాఖలు తెరిచాయి. దేశం మొత్తంలో మూడు నాలుగు చోట్ల ఉన్న చదువు మనకి అంత ముందే వచ్చిందంటే గర్వపడవలసిందే.

యూనిట్ ఆపరేషను అంటే ఏమిటో పుస్తకంలో చదివితే నాకు ఎక్కలేదు. మా జువ్వలదిన్నెలో చూసుకుంటే ఎక్కింది. మాది వ్యవసాయమే గానీ ఊరు సముద్రపు ఒడ్డు. చేపలు ఎక్కువ పడి ధర లేని రోజున ఆడవాళ్ళు చేపను చీల్చి, కడిగి, మూడు నాలుగు పాళ్ళ చేపకు ఒక పాలు లెక్కన ఉప్పు పట్టిస్తారు. పచ్చిచేపలో నూటికి 70 నుంచి 80 పాళ్ళు నీరే. ఉప్పు ఆ నీటిని బయటికి లాగుతుంది, తాను లోపలికి పోతుంది. నీరు తగ్గి ఉప్పు పెరిగిన చోట కుళ్ళబెట్టే సూక్ష్మజీవికి బతుకు లేదు. తర్వాత ఇసక మీదో పట్టాల మీదో ఎండబెడతారు. ఇప్పుడు తోళ్ళ మండీకి వెళ్ళండి. కబేళా నుంచి వచ్చిన పచ్చితోలు మన ఎండల్లో కొద్ది గంటల్లోనే కుళ్ళడం మొదలుపెడుతుంది. దానికీ ఉప్పే, తోలు బరువులో 30 నుంచి 50 శాతం దాకా. అక్కడా ఉప్పు నీటిని లాగుతుంది, తాను లోపలికి పోతుంది. మత్స్యకారుడి ఇల్లాలు చేసేదీ తోళ్ళ మండీ కూలీ చేసేదీ ఒకే పని. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఈ ఇద్దరి పనిలోనూ ఉన్న ఒకే లెక్కను పట్టుకోవడమే కెమికల్ ఇంజనీరింగు. లిటిల్ చెప్పింది అంతే. దాన్ని మనం మాత్రం పదిహేను మార్కుల ప్రశ్నగా చదువుతున్నాం.

నాయుడమ్మగారు మద్రాసు నుంచి ఇంగ్లండు, అక్కణ్ణుంచి అమెరికా వెళ్ళారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెత్లెహేం అప్పట్లో ఉక్కు ఫ్యాక్టరీ పట్నం. అక్కడి లీహై యూనివర్సిటీలో తోళ్ళ మీద పరిశోధన చేసి ఎం.ఎస్., పిహెచ్.డి. పట్టాలు తీసుకున్నారు. అదే సమయానికి ఇక్కడ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1948లో మద్రాసు అడయారులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు పునాది పడింది. మొదటి డైరెక్టరు బి.ఎం. దాస్‌గారు. నాయుడమ్మగారు తిరిగివచ్చి అందులో చేరారు.

ఆ సంస్థ కట్టిన చోటు చూడండి. సర్దార్ పటేల్ రోడ్డుకు ఒక పక్క ఈ పరిశోధనశాల. రోడ్డు దాటితే గిండీలో అళగప్ప చెట్టియార్ టెక్నాలజీ కాలేజీ, 1944లో చెట్టియార్‌గారి విరాళంతో మద్రాసు యూనివర్సిటీ పెట్టినది. కెమికల్ ఇంజనీరింగు, వస్త్ర సాంకేతికం, తోళ్ళ సాంకేతికం అక్కడ నేర్పేవారు. అప్పటి వైస్ ఛాన్సలరు లక్ష్మణస్వామి మొదలియార్‌గారి చలవ వల్ల ఈ రెండూ ఎదురెదురుగా వచ్చాయి. ఏర్పాటు ఏమిటంటే తోళ్ళ సాంకేతికం చదివే విద్యార్థి పట్టా యూనివర్సిటీది, చదువు మాత్రం పరిశోధనశాల ఆవరణలో. పాఠం చెప్పేవాళ్ళలో పరిశోధకులే ఉంటారు. తరగతి గది నుంచి నాలుగు అడుగులు వేస్తే నిజం టానరీ, అందులో తిరిగే నిజం డ్రమ్ములు, నిజం కంపు. 1978లో ఆ కాలేజీ అన్నా యూనివర్సిటీలో కలిసిపోయింది గానీ ఆ ఏర్పాటు పోలేదు.

ఇంకో ముచ్చట కూడా ఆ రోడ్డు దగ్గరిదే. తోలు అంటే ముఖ్యంగా కొల్లాజెన్ అనే ప్రోటీను. ఆ ప్రోటీను లోపలి అల్లిక ఎలా ఉంటుందో 1950ల మొదట్లో ఎవరికీ సరిగా తెలియదు. అదే గిండీ ఆవరణలో ఫిజిక్సు ప్రొఫెసరుగా ఉన్న జి.ఎన్. రామచంద్రన్‌గారు, గోపీనాథ్ కర్తాగారు కలిసి 1954-55లో అది మూడు పేటల తాడులా పెనవేసుకుని ఉంటుందని తేల్చారు. వాళ్ళకు పరీక్షకు కావలసిన కొల్లాజెన్ ఎదురుగా ఉన్న ఈ తోళ్ళ సంస్థ నుంచే వెళ్ళింది. ప్రపంచమంతా చెప్పుకునే ఫలితం రోడ్డుకు అటూ ఇటూ ఉన్న రెండు సంస్థల మధ్య రాకపోకల వల్ల పుట్టింది. మన దగ్గర ఫిజిక్సు డిపార్టుమెంటు వాళ్ళు కెమిస్ట్రీ డిపార్టుమెంటుకి వస్తే బీకరు అప్పడగడానికే.

1958లో, ముప్ఫై అయిదేళ్ళు దాటీ దాటకముందే, నాయుడమ్మగారు డైరెక్టరయ్యారు. మొదలియార్‌గారు ఎదురెదురుగా పెట్టించిన రెండు ఇళ్ళకు మూడో ఇల్లు కలపడం ఆయన చేసిన పని. ఆ మూడో ఇల్లు టానరీ యజమానిది, అక్కడి పనివాడిది. ఉత్తర ఆర్కాటులో, కాన్పూరులో, కలకత్తాలో తరతరాలుగా తోళ్ళు చేస్తున్నవాళ్ళు పరిశోధనశాల గడప తొక్కేవాళ్ళు కాదు. చదువుకున్నవాళ్ళకి మా పని ఏం తెలుస్తుందని వాళ్ళకి చులకన. చదువులేనివాళ్ళకి శాస్త్రం ఏం తెలుస్తుందని వీళ్ళకి చులకన. ఆయన పరిశోధకులను టానరీలకు పంపారు, వేరువేరు రాష్ట్రాల్లో సంస్థకు శాఖలు తెరిపించారు, టానరీల వాళ్ళూ శాస్త్రజ్ఞులూ ఏటేటా ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సమావేశం అలవాటు చేశారు. ఆ వాడుక ఇప్పటికీ ఉంది.

దీనివల్ల విద్యార్థికి ఒరిగిందేమిటి? ఒక్క ఉదాహరణ చెప్తాను. దక్షిణాదిలో తోళ్ళు పదును చేయడానికి మొదటినుంచీ తంగేడు బెరడు వాడేవారు. మన బతుకమ్మలోకి వచ్చే పసుపుపచ్చ పువ్వుల తంగేడే. చివర్లో రంగు తేలడానికి కరక్కాయ. తంగేడు సరిపోక దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు, దాని సారం డబ్బు పోసి తెచ్చుకోవలసి వచ్చింది. ఇక్కడ విద్యార్థి ముందు ఒకేసారి మూడు ప్రశ్నలు నిలబడతాయి. బెరడులోని టానిన్ కొల్లాజెన్‌ను ఎలా పట్టుకుంటుంది? అది కెమిస్ట్రీ. బెరడు నుంచి సారం ఎంత వేడిలో ఎన్ని నీళ్ళతో ఎన్నిసార్లు తీస్తే నష్టం తక్కువ? అది కెమికల్ ఇంజనీరింగు. పరదేశం సరుకు మానేసి మన చెట్లతో పని గడవాలంటే ఏం చేయాలి? అది దేశం. మూడింటినీ మూడు పేపర్లుగా విడగొట్టకుండా ఒకే తొట్టి ముందు నిలబెట్టి అడిగించడం ఆ చదువులోని సుగుణం.

క్రోము సంగతీ అలాంటిదే. పచ్చితోలును నీళ్ళలో వేడిచేస్తే 60, 65 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది. క్రోమియం లవణంతో పదును చేసిన తోలు మరిగే నీళ్ళకు కూడా తట్టుకుంటుంది. ఈ ప్రయోగానికి కావలసింది ఒక బీకరు, ఒక థర్మామీటరు, రెండు తోలుముక్కలు. కళ్ళెదుట ముడుచుకుపోయిన ముక్కను చూసినవాడికి ప్రోటీనులో కొత్త బంధాలు పడటం అంటే ఏమిటో మళ్ళీ చెప్పక్కర్లేదు.

1971లో ఆయన ఢిల్లీ వెళ్ళారు. సి.ఎస్.ఐ.ఆర్. పరిశోధనశాలలన్నీ చేతికిందికి వచ్చాయి. అక్కడా మద్రాసు పద్ధతే ప్రయత్నించారు. 1970ల మొదట్లో కరీంనగర్ జిల్లాను తీసుకుని, వేరువేరు పరిశోధనశాలలు తమ దగ్గరున్న విద్యను ఆ జిల్లా ప్రజల అవసరాలకు జోడించి చూడాలన్న పథకం పెట్టారు. జిల్లాకు ఏం కావాలో ముందు తెలుసుకుని, దానికి తగిన విద్య ఏ ప్రయోగశాలలో ఉందో తర్వాత వెతకడం దాని వరస. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. కరీంనగర్‌ని గురించి రెండు రకాల మాటలు వినబడతాయి. పెద్దగా మిగిలిందేమీ లేదని కొందరంటారు. దారి చూపించిందని కొందరంటారు. నా మటుకు నాకు, ఆ వరస మార్చడమే ఆయన చేసిన అసలు పని అనిపిస్తుంది. జె.ఎన్.యు. వైస్ ఛాన్సలరుగిరీ 1981-82లో, ఎక్కువ కాలం కాదు. ఆ అధ్యాయాన్ని పొడిగించి రాయడానికి నాకు పెద్ద కారణం కనబడదు.

ఇప్పుడు అసంపూర్తి భాగం. ఆయనంటే అభిమానం ఉన్నవాళ్ళు ఇక్కడ నొచ్చుకోవచ్చు, కానీ రాయక తప్పదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మన దేశం పచ్చితోళ్ళు, సగం పదును చేసిన తోళ్ళు చవగ్గా పైదేశాలకు పంపి, అవే బూట్లయి తిరిగివస్తే ఎక్కువ ధరకు చూసి ఊరుకునేది. 1970లలో ప్రభుత్వం సగం తోళ్ళ ఎగుమతికి కళ్ళెం వేసి, పూర్తిగా తయారైన తోలు, చెప్పులు, సంచులు పంపేవాళ్ళకు ప్రోత్సాహం ఇచ్చింది. ఆ మార్పు కోసం వాదించినవాళ్ళలో నాయుడమ్మగారు ముందువరసలో ఉన్నారు. వాదన న్యాయమైనదే. ఎంతోమందికి పని దొరికింది, దేశానికి డబ్బు వచ్చింది. అయితే పైదేశాల టానరీల్లో జరగవలసిన మురికి పని కూడా దాంతోపాటు ఇక్కడికి వచ్చింది.

ఒక టన్ను ఉప్పుతోళ్ళు టానరీలోకి వెళ్తే బయటికి వచ్చే తయారైన తోలు దాదాపు 200 నుంచి 250 కిలోలు. మిగతాదంతా ఎక్కడికి పోయింది? దానికి తోడు 30 వేల నుంచి 40 వేల లీటర్ల నీళ్ళు ఖర్చయ్యాయి, అవెక్కడికి పోయాయి? తొట్టిలో వేసిన క్రోమియంలో పాత పద్ధతిలో నూటికి 60, 70 పాళ్ళే తోలుకు పడుతుంది. మిగిలిన 30, 40? మొదట పట్టించిన ఉప్పు అంతా కడిగితే ఏ వాగులో కలిసింది? కెమికల్ ఇంజనీరింగు మొదటి సంవత్సరం మొదటి పాఠం మెటీరియల్ బ్యాలెన్సు. లోపలికి వెళ్ళిందెంత, బయటికి వచ్చిందెంత, తేడా ఎక్కడుంది అని అడగడం. మా నాన్న వడ్లు మిల్లుకి వేసినప్పుడు బియ్యం, తవుడు, ఊక, నూకలు లెక్క చూసుకుంటాడు, అదే ఇది. ఈ లెక్కకు జవాబు పాలారు నది ఒడ్డున దొరికింది. రాణీపేట, వాణియంబాడి, ఆంబూరు చుట్టూ బావులు ఉప్పగిల్లాయి. 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు పౌరుల కేసులో తీర్పు చెప్తూ, ఆ టానరీల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందన్న అంచనాను ప్రస్తావించింది. పాడు చేసినవాడే సొమ్ము కట్టాలన్న సూత్రాన్ని మన చట్టంలో భాగమని చెప్పిన తీర్పు అదే.

35,000 హెక్టార్లంటే రైతు బిడ్డగా నాకు గుండె ఝల్లుమంది. ఇది నాయుడమ్మగారి ఒక్కరి తప్పని నేను అనడం లేదు. అమ్మకానికి పోయే 200 కిలోల గురించి బాగా నేర్పిన చదువు, అమ్మకానికి పోని 800 కిలోల గురించి ఆలస్యంగా నేర్పింది. ఆయన కట్టిన ఇంట్లో మూడు గడపలున్నాయి, యూనివర్సిటీది, పరిశోధనశాలది, టానరీది. నాలుగోది, టానరీ కింది పొలం రైతుది, ఉండవలసింది. ఆయన బతికి ఉంటే అదీ కలిపేవారని నా నమ్మకం. కరీంనగర్‌లో ముందు జనం దగ్గరికి వెళ్ళి ఏం కావాలని అడిగించిన మనిషి కదా. ఆ తర్వాతి తరం వాళ్ళు అదే సంస్థలో వాడిన క్రోమియంను తిరిగి పట్టే పద్ధతులు, ఉప్పు తగ్గించే పద్ధతులు, క్రోము దశలో నీళ్ళే లేకుండా పదును చేసే పద్ధతి కూడా కనిపెట్టారు. ఆ పనిలో చాలా భాగం ఆ ఆవరణలోనే చదువుకున్నవాళ్ళు చేశారు.

ఆయనకు ఆ వ్యవధి దొరకలేదు. 1985 జూన్ 23న కెనడా నుంచి తిరిగివస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండు తీరం దగ్గర ఆకాశంలోనే బాంబు పేలి సముద్రంలో కూలిపోయింది. 329 మంది పోయారు. నాయుడమ్మగారు అందులో ఉన్నారు. వయసు 62. మరుసటి ఏడు నుంచి తెనాలిలో ఆయన పేరిట శాస్త్రవేత్తలకు అవార్డు ఇస్తున్నారు.

మళ్ళీ చదువు సంగతికి వస్తాను. విద్యార్థిని ఫ్యాక్టరీలోకి పంపి నేర్పడం మద్రాసు వాళ్ళొక్కరి ఆలోచన కాదు. ఎం.ఐ.టి.లో 1916లోనే కెమికల్ ఇంజనీరింగు విద్యార్థులను కొన్ని నెలలు ఫ్యాక్టరీల్లో పెట్టి, అక్కడే మాస్టారు ఉండి నేర్పే ప్రాక్టీసు స్కూలు మొదలైంది. పిలానీలో బిట్స్ వాళ్ళు 1973 నుంచి అలాంటిదే నడుపుతున్నారు. రెండిటిలోనూ కీలకం మాస్టారు కూడా వెంట ఉండటం. మనం చేసే ఇండస్ట్రియల్ టూరుకీ దానికీ ఉన్న తేడా అదే. మన టూరులో బస్సు, పాటలు, గేటు దగ్గర గ్రూపు ఫోటో, ఫ్యాక్టరీలో గంటన్నర, తర్వాత మెరీనా బీచి. రికార్డు మాత్రం సీనియర్ల దాంట్లోంచి దిగుతుంది. ఈ మాటకి మన లెక్చరర్లు కోప్పడకూడదు. వాళ్ళకి ఒక్కొక్కరికి ఉన్న క్లాసులు, దిద్దవలసిన పేపర్లు చూస్తే ఏ ఫ్యాక్టరీలోనూ నెలరోజులు కూర్చునే వీలు లేదన్నది నిజమే.

పెద్ద ఫ్యాక్టరీ లేదు కాబట్టి మనకి కుదరదని కొందరంటారు. అది నేను ఒప్పుకోను. మా జువ్వలదిన్నె చుట్టుపక్కల మైలు దూరంలో ఈ శాస్త్రం ఎంత పరుచుకుని ఉందో చూడండి. కొత్తగా కట్టిన ఫిషింగ్ హార్బరు ఉంది. చేపకి ఐసు కావాలి, ఐసు ప్లాంటు అంటే అమ్మోనియాతో నడిచే శీతలీకరణ, వేడి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో చేత్తో తాకి తెలుసుకోవచ్చు. ఉప్పుచేప ఉంది, దాని లెక్క పైన చెప్పాను. తీరం వెంట రొయ్యల చెరువులున్నాయి. చెరువులోకి పోసే మేతలో ఎంత రొయ్య అవుతుంది, ఎంత అడుగున బురద అవుతుంది, నీళ్ళు వదిలేటప్పుడు ఎంత కాలవలో కలుస్తుంది? పక్క చేలో వరి వేసిన రైతుకి ఈ ప్రశ్న పరీక్షలో వచ్చేది కాదు, ఇంటి ముందు ఉన్నది. చెరువు యజమానికీ పొలం రైతుకీ ఉప్పునీళ్ళ మీద తగువు వచ్చినప్పుడు ఇద్దరి దగ్గరా లెక్కలుండవు, నోళ్ళే ఉంటాయి. లెక్క తీసుకురాగలిగేది మనలాంటి వాళ్ళమే. దానికి కావలసింది తూకం కాటా, సీసాలు, ఉప్పు కొలిచే సాధనం, వెండి నైట్రేటు ద్రావణం. ఇవన్నీ మన ల్యాబులో ఉన్నాయి. క్లోరైడు టైట్రేషను మనం ఫస్టియరులోనే చేశాం, ల్యాబు అటెండరు కలిపి ఇచ్చిన నీళ్ళతో. ఆ నీళ్ళకి బదులు మా ఊరి బావి నీళ్ళు తెస్తే టైట్రేషనేమీ మారదు.

యూనియన్ తరఫున మేము కొందరం ఒక ఏర్పాటు అనుకుంటున్నాం. సంక్రాంతి సెలవుల తర్వాత నెలకి రెండు ఆదివారాలు, ఎనిమిదిమంది విద్యార్థులు, వీలైతే ఒక లెక్చరరు, ఒక ఉప్పుచేప తొట్టి దగ్గరా ఒక రొయ్యల చెరువు దగ్గరా లోపలికి వెళ్ళేది, బయటికి వచ్చేది తూచి రాసుకోవడం. చెరువు దిగువ పొలాల్లో నాలుగు బావుల నీళ్ళు కూడా అదే రోజున తీసుకోవడం. లెక్కలు తేలాక వాటిని ముందు ఆ చేపల ఆడవాళ్ళకీ, చెరువు వాళ్ళకీ, రైతులకీ చదివి వినిపించడం, ఆ తర్వాతే కాలేజీలో ఇవ్వడం. పెద్దలు ఇద్దరు ముగ్గురు సరేనన్నారు. ఐసు ప్లాంటు ఆయన మాత్రం అమ్మోనియా దగ్గరికి పిల్లల్ని రానివ్వనన్నాడు, అది సబబే. మిగిలిన చిక్కల్లా ఈ పనికి మార్కులు ఏ పేపరు కింద వేస్తారన్నది. ప్రాక్టికల్స్ కింద వెయ్యాలని మేమంటున్నాం. బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్ళకి అర్జీ రాసి ఉంచాం, సంతకాలు చేయనివాళ్ళు యూనియన్ రూములో చేయవచ్చు.